కడలి చూడని కోడలు

"దిగండి అత్తయ్యా. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"పట్టుకో. కాళ్ళు ఇక్కడే ఉన్నాయి. ఎక్కడికీ రావు."

అత్తగారు పెట్టె మీద కూర్చుని ఉన్నారు. పొద్దున టీ అక్కడే తాగారు, రొట్టె అక్కడే తిన్నారు, పేపరు తలకిందులుగా పట్టుకుని అక్కడే చదివారు. ఆవిడ కింద ఉన్న ఆ నీలం పెట్టెలో ఇంటిల్లిపాది బట్టలూ ఉన్నాయి. రేపు తెల్లవారగానే సముద్రం ఊరికి రైలు. పెట్టెకు తాళం వేయడం నిన్ననే అయింది. అత్తగారి పట్టుకు తాళంచెవి మాత్రం ఎవరి దగ్గరా లేదు.

ఈ ఇంట్లో ఎప్పుడు అలలు చూడటానికి బయల్దేరినా అలకలే ఎదురొస్తాయి. మొదటిసారి బయల్దేరితే కోడలికి నెల తప్పింది. రెండోసారి బయల్దేరితే మామగారు పోయారు. ఆ తర్వాత పెళ్ళిళ్ళ సీజను, పరీక్షల సీజను, పాస్‌పోర్టు ఫోటోల సీజను. తీరం చూడాలన్న కోరిక తీరలేదు, తీరిక దొరకలేదు. పాపం, పెళ్ళయిన నాటి నుంచీ ఆవిడ కడలిని చూడని కోడలే.

"చూసిన ఊరేగా! మళ్ళీ ఏం చూడను? సముద్రం ఏమన్నా కొత్త బట్టలేసుకుందా?" అన్నారు అత్తగారు.

"మీరు చూశారు అత్తయ్యా. నేను చూడలేదుగా."

"వెళ్ళి చూసిరా. నీ కళ్ళు నేను మూశానా?"

"మిమ్మల్ని ఒక్కర్నీ వదిలి ఎలా వెళ్ళను?"

"అయితే వదలకు. ఉండు."

కోడలి చూపు ఆవిడ కాళ్ళ మీదికి దిగింది.

అత్తగారి కుడికాలికి చెప్పు ఉంది. ఎడమకాలు బోసిగా ఉంది. ఈ విషయం గురించి అడగడం ఇంట్లో అందరూ మానేశారు. కొత్త జత కొనిచ్చిన సాయంత్రానికల్లా అందులో ఒకటి మాయం. చెప్పుల కొట్టువాడు ఆ ఇంటివాళ్ళు వీధిలో కనిపిస్తే చాలు, లేచి నిలబడి నవ్వుతాడు. మతిమరుపు మనిషి, ఎక్కడ విడుస్తుందో ఏమో అనుకున్నారు.

"నానమ్మా, ఒక్కసారి లే. నా జీన్స్ తీసుకుంటా" అంది మనవరాలు. కాలేజీలో చదువుతోంది. ఇంట్లో పేరు గడుగ్గాయి. వారం రోజులుగా లైట్‌హౌస్ ఎక్కాలా, పడవ ఎక్కాలా, కొండ ఎక్కాలా అని తండ్రి నెత్తినెక్కింది.

"లేవను."

"పెట్టెలో నా జీన్స్ నలిగిపోతుందే!"

"నలిగితే ఇస్త్రీ చేసినట్టే. నా బరువు తక్కువా?"

గడుగ్గాయికి నవ్వొచ్చింది. తల్లి ముఖం చూసి ఆ నవ్వును దగ్గులో కలిపేసింది.

అప్పుడే ముందుగదిలోంచి ఫోటోగ్రాఫరు వచ్చాడు. అత్తగారి కొడుకు, ఈ ఇంటి యజమాని. ఇంటి ముందు భాగం స్టూడియో, వెనక భాగం సంసారం. మధ్యలో ఒక తలుపు. ముందు గదిలో అందర్నీ "నవ్వండి, నవ్వండి" అంటాడు. వెనక గదిలోకి రాగానే ఆ మాట మర్చిపోతాడు. చేతిలో ఫోను ఉంది. అందులోంచి అక్కగారి గొంతు ఇల్లంతా వినిపిస్తోంది. ఆవిడకు ఫోను అవసరం లేదు, కిటికీ తెరిస్తే చాలు.

"తమ్ముడూ, నన్నేం చెయ్యమంటావురా? నేను వచ్చి అమ్మ దగ్గర ఉంటానన్నాను, నిజమే. కానీ నిన్న మీ బావగారు నిచ్చెన దిగారు!"

"దిగితే మంచిదేగా అక్కా."

"మెట్లు వాడకుండా దిగారు!"

"అయ్యో."

"కాలికి కట్టు కట్టారు. ఇక్కడ ఈయన మంచం దిగడు, అక్కడ ఆవిడ పెట్టె దిగదు. నేనెక్కడని చావను? మీతోపాటే తీసుకెళ్ళండి. గాలి మారితే మనిషి మారుతుంది."

"అమ్మ రానంటోందే."

"బతిమాలండి."

"బతిమాలుతున్నామే! ఇంకొంచెం బతిమాలితే మా బతుకులే మాలిపోయేట్టున్నాయి."

ఫోను అవతల మంచం మీంచి బావగారి మూలుగు ఒకటి వినిపించింది. అక్కగారు "వస్తున్నా, వస్తున్నా" అని ఫోను పెట్టేసింది. మూలుగు బావగారిది, దిగులు మాత్రం అందరిదీ.

ఫోటోగ్రాఫరు తల్లి ముందు కూర్చున్నాడు. "అమ్మా, నాకోసం రావే. హోటల్లో కిటికీ తెరిస్తే సముద్రం కనిపించే గది తీసుకున్నాం. నువ్వు మంచం మీదే పడుకుని చూడొచ్చు."

"నాకు ఇక్కడ్నుంచే కనిపిస్తోంది" అన్నారావిడ.

నిజమే, కనిపిస్తోంది. మధ్య తలుపు తీసి ఉంది. స్టూడియోలో గోడ పొడవునా వేలాడుతున్న తెర మీద నీలం సముద్రం, రెండు కొబ్బరిచెట్లు, దూరంగా ఒక తెల్ల పడవ. ఆ వీధివీధంతా ఆ తెర ముందు నిలబడి ఫోటో దిగినవాళ్ళే. గడ్డం కొంచెం దించండి, భుజం కొంచెం తిప్పండి, సముద్రాన్ని కొంచెం చూడండి అని వాళ్ళను నిలబెట్టేది కోడలే. అందరినీ సముద్రం ముందు నిలబెట్టిన మనిషికి సముద్రం ముందు నిలబడే రాత లేకపోయింది.

ఫోటోగ్రాఫరు భార్యకూ కూతురికీ కళ్ళతో సైగ చేశాడు. ముగ్గురూ స్టూడియోలోకి వచ్చారు. తలుపు దగ్గరికి వేశారు.

"ఇక టికెట్లు రద్దు చేసెయ్యడమే" అన్నాడు.

"చెయ్యండి" అంది కోడలు.

ఆ ఒక్కమాట అంత తొందరగా వస్తుందని అతను అనుకోలేదు. పోట్లాడుతుందనుకున్నాడు. పోట్లాటకు రెండు జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాడు. ఇప్పుడవి నోట్లోనే నానిపోయాయి.

"అదేమిటోయ్, కోపమా?"

"కోపమెందుకండీ? సముద్రం ఎక్కడికీ పోదుగా. పోయేది మనమే."

"ఇదిగో, ఇలాంటి నెగటివ్ మాటలే వద్దన్నాను."

"మీ చేతిలో పడ్డాక ఏదైనా నెగటివే. ఎప్పుడో కడుగుతారు, ఎప్పుడో బొమ్మ తేలుతుందని ఇన్నేళ్ళూ చీకటిగదిలో కూర్చున్నాను. ఇంక చాలు."

గడుగ్గాయి ఇద్దరి మధ్యకీ వచ్చింది. "నన్నడిగితే నానమ్మకు నిజం చెప్పేద్దాం. నువ్వసలు ఆ ఊరు చూడనేలేదు, అది నాన్న అతికించిన ఫోటో, అని. చూడలేదని తెలిస్తే చూడాలనిపిస్తుంది కదా?"

గోడ మీద ఆ ఫోటో ఉంది. ముగ్గురూ దానివైపు చూశారు.

మామగారు బస్సు కండక్టరు. ఊరందరినీ "రైట్, రైట్" అంటూ ఎక్కడెక్కడికో పంపారు. భార్యను మాత్రం రిటైరయ్యాక సముద్రం ఊరు తీసుకెళ్తానన్నారు. రిటైరయ్యారు, ఆ ఏడాదే ఆయన ఆఖరి స్టాపు వచ్చేసింది. "ఒక్కసారి తీసుకెళ్ళి ఉంటే" అని అత్తగారు రోజూ ఏడుస్తుంటే కొడుకు చూడలేకపోయాడు. పోయినవాళ్ళనూ ఉన్నవాళ్ళనూ ఒకే ఫ్రేములో నిలబెట్టడం అతని వృత్తిలో మామూలే. తండ్రిని రిటైర్మెంటు సభ ఫోటోలోంచి తెచ్చాడు. తల్లిని స్టూడియోలో తెర ముందు నిలబెట్టి తీశాడు. ఇద్దరినీ ఒక నిజమైన సముద్రం ఫోటో ముందు చేర్చి, ఫ్రేము కట్టించి గోడకు పెట్టాడు. తల్లి ఏడుపు మానేసింది. తర్వాత మెల్లగా మతి జారింది. జారినకొద్దీ ఆ ఫోటో గట్టిపడింది. "అప్పుడు మేమిద్దరం వెళ్ళాం చూడు" అనడం మొదలుపెట్టింది. ఎవరూ కాదనలేదు. కాదనేవాళ్ళెవరు, ఏడుపు మాని ఆవిడ కడుపు నిండా అన్నం తింటుంటే!

"నిజం చెప్తే వచ్చేది ఏమిటో నీకు తెలీదా?" అన్నాడు ఫోటోగ్రాఫరు. "ఫోటో అబద్ధమంటే, మరి మీ తాతయ్య ఏరీ అంటుంది. పోయారని చెప్పాలి. అప్పుడొకసారి చెప్పాంగా! ఆ పొద్దునే పోయినట్టు ఏడ్చింది. మర్నాడు మర్చిపోయి మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాం. మళ్ళీ కొత్తగా ఏడ్చింది. ఇంకెప్పుడూ చెప్పొద్దని డాక్టరు చేతులు జోడించాడు."

"డాక్టర్లు చెయ్యి చూస్తారు గానీ జోడిస్తారా!" అంది గడుగ్గాయి. ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల కూడా నవ్వలేదు.

"అయితే మా అమ్మ ఎప్పటికీ వెళ్ళకూడదా?" అని తండ్రిని అడిగింది.



ఫోటోగ్రాఫరుకు ఒళ్ళు మండింది. ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలీలేదు. పెళ్ళాం మీద చూపలేడు, తల్లి మీద చూపలేడు, నిచ్చెన దిగిన బావగారు చాలా దూరంలో ఉన్నాడు. చేతికి దొరికింది తెర ఒక్కటే. "ఈ దిక్కుమాలిన సముద్రం వల్లే వచ్చింది ఇదంతా!" అంటూ దాని అంచు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు.

సముద్రం కదిలింది. దాని వెనకనుంచి ఏదో జారింది. టప్పుమని ఇంకొకటి. ఆ తర్వాత కుప్పగా.

చెప్పులు.

నల్లవి, గోధుమరంగువి, మొన్న కొన్న ఎరుపు పట్టీది. తెరకూ గోడకూ మధ్య సందులో ఎన్నాళ్ళుగానో పేరుకున్నవి. గడుగ్గాయి వంగి ఒక్కొక్కటే తిప్పి చూసింది.

"అన్నీ ఎడమకాలివే" అంది.

"పిచ్చి ముదిరిందన్నమాట" అన్నాడు ఫోటోగ్రాఫరు నీరసంగా. "తెర వెనక ఎందుకు పడేస్తుంది? ఎలకలా దాచుకోవడమేనా?"

"దాచుకోవడం కాదండీ" అంది కోడలు. ఆమె గొంతు మారింది. "సముద్రంలో వేస్తున్నారు."

ఇద్దరూ ఆమెవైపు తిరిగారు.

"మన స్టూడియోలో చెప్పులు బయట విడిచి రావాలిగా, కింద పరిచిన గుడ్డ మాసిపోతుందని. అందుకే ఆ ఫోటోలో అత్తయ్య కాళ్ళు బోసిగా ఉన్నాయి. మామయ్యేమో సభ నుంచి వచ్చారు గనక పాలిష్ బూట్లేసుకుని ఉన్నారు. మీరు చూసుకోలేదు. అత్తయ్య చూశారు. 'ఆయనకు బూట్లున్నాయి, నా చెప్పులేవే?' అని నన్నడిగారు."

"నువ్వేమన్నావ్?"

"ఏమనను? ఎడమకాలిది అల పట్టుకుపోయిందన్నాను. రెండోది చేతిలో ఉందన్నాను. ఫోటోలో ఒక చెయ్యి వెనక్కుంది చూడండి."

ఫోటోగ్రాఫరు చూశాడు. ఉంది. తన చేత్తో తానే అతికించిన ఫోటోలో తల్లి చెయ్యి వెనక్కుందని ఇన్నేళ్ళకు చూశాడు.

"అంటే అమ్మ చెప్పే ఆ కథంతా… గాలికి గొడుగు తిరగబడటం, పడవవాడు పాట పాడటం, నీళ్ళు ముందు చల్లగా తగిలి తర్వాత వెచ్చబడటం… అవన్నీ అమ్మ ఊహించుకున్నవనుకున్నాను."

"నావే" అంది కోడలు.

కుప్పలోంచి దొర్లిన చెప్పుల్ని దగ్గరికి జరుపుతూ చెప్పడం మొదలుపెట్టింది.

"నేను తల దువ్వుతూ కూర్చుంటే అత్తయ్య అడిగేవారు. ఆ తర్వాత ఏం చేశామే, ఎక్కడ కూర్చున్నామే, అని. నాకేం తెలుసు? నేను వెళ్తే ఎలా ఉండాలనుకున్నానో అదే చెప్పాను. నేను తొక్కాలనుకున్న ఇసుక, నేను తడవాలనుకున్న నీళ్ళు. చెప్తుంటే నేనే వెళ్ళొచ్చినట్టుండేది. కొన్నాళ్ళకు ఆవిడే నాకు చెప్పడం మొదలుపెట్టారు. నా ప్రయాణం ఆవిడదైపోయింది. పోన్లే, ఎవరో ఒకరు వెళ్ళారులే అనుకున్నాను."

ఫోటోగ్రాఫరు ఎదుటివాళ్ళను నవ్వించడం తెలిసిన మనిషి, ఓదార్చడం అతని సిలబస్‌లో లేదు. భార్య భుజం మీద చెయ్యి వేశాడు. కొంచెం ఎడంగా వేశాడు, ఫోటోకి సర్దినట్టు.

"మరి ఆ చెప్పు సంగతి ఏమైందమ్మా?" అంది గడుగ్గాయి మెల్లగా. "కథలో?"

"మామయ్య దాన్ని తేవడానికి నీళ్ళలోకి దిగారు."

"తెచ్చారా?"

"అక్కడికి వచ్చేసరికి ఆవిడకు నిద్ర పట్టేసేది. ఒక్కరోజూ ఆ పైకి పోలేదు."

"అంటే తాతయ్య ఇంకా…"

"నీళ్ళలోనే ఉన్నారు" అంది కోడలు. అంటూ అంటూనే ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో! దిగేముందు ఆయన చేత నేనొక మాట అనిపించానండీ. 'నువ్విక్కడే ఉండు. కదలకు. నేను తెస్తాను' అని."

కదలకు!

తలుపు సందులోంచి పెట్టె మీద కూర్చున్న మనిషి కనిపిస్తోంది. ఒక కాలికి చెప్పు, ఒక కాలు బోసి. చూపు తెర మీది సముద్రం వైపు. పొద్దుటినుంచీ ఆవిడ చేస్తున్నది మొండితనం కాదు, మొగుడి మాట వినడం.

"మనం ఆవిడను లేపలేం" అన్నాడు ఫోటోగ్రాఫరు. "నాన్న కూర్చోబెట్టాడు."

"నేను కూర్చోబెట్టాను" అంది కోడలు.

"కూర్చోబెట్టిన నోటితోనే లేపు మరి. కథేగా, ముగించెయ్. ఆయన వచ్చాడని చెప్పు!"

"చెప్పుతోనే కదండీ ఈ తిప్పలన్నీ" అంది కోడలు. నవ్వబోయింది. నవ్వు రాలేదు, కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. ఉప్పు నీళ్ళంటే ఇప్పటికి ఆమెకు తెలిసినవి అవే.

వంగి కుప్పలోంచి ఎరుపు పట్టీది తీసింది. కొంగుతో దుమ్ము తుడిచింది.

"వద్దమ్మా" అంది గడుగ్గాయి. నిజం చెప్పేద్దామన్న పిల్లే, ఇప్పుడు ఎందుకో తల్లి చెయ్యి పట్టుకుంది. "రేపు చూద్దాంలే."

"రేపు రైలుంది తల్లీ."

ఆమె చెయ్యి విడిపించుకుంది. తలుపు తీసుకుని వెళ్ళింది. అత్తగారి ముందు నేలమీద కూర్చుంది. ఇన్నేళ్ళూ తల దువ్విన మనిషి, మొదటిసారి కాలు ఒళ్ళోకి తీసుకుంది.

"అత్తయ్యా, ఇదిగోండి. మామయ్య తెచ్చేశారు."

అత్తగారు వంగి చూశారు. ఆ చెప్పునూ చూశారు, కోడలినీ చూశారు. ముడతలన్నీ ఒక్కసారి పైకి లేచాయి. ఆ ముఖం మీద అంత వెలుతురు ఫోటోగ్రాఫరు ఏ లైటు పెట్టీ ఎన్నడూ రప్పించలేకపోయాడు.

"దొరికిందా! దొరకదనుకున్నానే. అల ఎంత పెద్దది!"

"దొరికింది."

చెప్పు కాలికి సరిపోయింది. సరిపోదూ మరి, ఆవిడదేగా! అత్తగారు రెండు కాళ్ళూ నేలకు ఆనించి, కోడలి భుజం పట్టుకుని లేచారు.

పెట్టె పైన ఖాళీ అయింది.

తలుపు దగ్గర ఫోటోగ్రాఫరు పట్టిన ఊపిరి వదిలాడు. గడుగ్గాయి పరుగున వచ్చి పెట్టెను గోడవారకు లాగేసింది, మళ్ళీ ఎవరైనా కూర్చుంటారేమో అన్నట్టు. ఇంత తేలికా? ఒక్క చెప్పు, ఒక్క మాట! పొద్దుటినుంచీ పడ్డ యాతన గుర్తొచ్చి అతనికి నవ్వొచ్చింది కూడా.

"రేపు అందరం కలిసే వెళ్దాం అమ్మా" అన్నాడు.

అత్తగారు వినిపించుకోలేదు. రెండు చేతులతో జుట్టు సరిచేసుకుంటున్నారు. భుజం మీది శాలువా సర్దుకుంటున్నారు. రెండు చెప్పులతో నడవడం అలవాటు తప్పిందేమో, టక్కుటక్కుమంటూ వీధి తలుపుదాకా వెళ్ళి, గొళ్ళెం తీసి, తలుపు బార్లా తెరిచారు.

"ఏమే కోడలా, పొడిగుడ్డ ఒకటి పట్టుకురా. బూట్లతో దిగారు మహానుభావుడు, మోకాళ్ళదాకా తడిసి ఉంటారు. టీ పెట్టు. చక్కెర ఎక్కువేసి పెట్టు, చలికి వణికిపోతుంటారు."

ఎవరూ కదల్లేదు.

ఆవిడ గుమ్మంలో నిలబడి వీధి ఆ చివరికీ ఈ చివరికీ చూశారు. వెనక్కి తిరిగారు. అదే వెలుతురు, అదే నవ్వు.

"వచ్చారన్నావుగా. ఏరీ? పిలువమ్మా."